ఎలుక బోను – దయాధర్మము

పంటను తినివేయు ప్రాణిని రైతు చంపవచ్చునా అను ప్రశ్నకు మన దేశమున సమాధానము చాల ప్రాచీనమైనది. పూర్వులు రాజ్యమునకు వాటిల్లు ఈతిబాధలను ఆరింటిని లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగు రాజుల దండయాత్రలు అను ఈ వరుసలో ఎలుకకును స్థానము కలదు. మిడుతలదండు ఏ యేటనో వచ్చి పోవును. ఎలుక ఏటేట పొలముననే కాపురముండును. కావున దానిని చంపుట తప్పనిసరియని లోకము ఏనాడో ఒప్పుకొన్నది. ఎట్లు చంపవలెను, ఎంతసేపు బాధింపవచ్చును, ఏ పరికరమును వాడవచ్చును, దేనిని వాడరాదు అను ప్రశ్నలు మాత్రము వేరు. ఇవి శాసనరూపము దాల్చి ఇంకను రెండు వందల సంవత్సరములు నిండలేదు. ఆ స్వల్పచరిత్రను పరిశీలించువారికి ఒక వింత కనబడును. కుందేలు కొరకు, ముంగిసవంటి చిన్న వేటజంతువుల కొరకు, ఉన్నిగల అడవిమృగముల కొరకు మనుష్యులు బోనులను పరీక్షించిరి, కొన్నింటిని అనుమతించిరి, కొన్నింటిని నిషేధించిరి. ఇంటింట, పొలము పొలమున బోనులలో పడి చచ్చు ఎలుకను మాత్రము ఆ పరీక్షకు వెలుపలనే ఉంచిరి.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఎలుకల బెడదనుగూర్చి ప్రత్యేకముగ చెప్పబడినది. పిల్లులను ముంగిసలను విడిచిపెట్టవలెననియు, వానిని పట్టినవారికి చంపినవారికి జరిమానా విధింపవలెననియు, జెముడుపాలు కలిపిన ధాన్యమును చల్లవలెననియు ఆ గ్రంథము విధించును. ఎలుకల పన్ను అను మాటయు అందు కలదు. ఇది ధాన్యాగారమును కాపాడవలసిన పాలకుని దృష్టి. అశోకుని ఐదవ స్తంభశాసనము మరియొక దృష్టిని చూపును. చంపగూడని ప్రాణుల జాబితా నొకదానిని అందు చెక్కించి, ఉపయోగపడనివియు తినబడనివియు అగు నాలుగుకాళ్ళ జంతువుల నన్నింటిని ఆ చక్రవర్తి దానిలో చేర్చెను. ప్రాణులున్న పొట్టును తగులబెట్టరాదని కూడ శాసించెను. కళ్ళము చేసిన వారికి ఆ మాటలోని సూక్ష్మము వెంటనే తెలియును. పొట్టులోను ఊకలోను చేరునవి పురుగులును చిట్టెలుకలునే గదా! అశోకునకు నిరుపయోగమగుట ప్రాణిని విడిచిపెట్టుటకు కారణమైనది. తరువాతి చట్టములకు అదియే రక్షణనుండి ప్రాణిని తొలగించుటకు కారణమైనది.

మాటలను చూచినను మన జాతికి ఈ ప్రాణితో గల సంబంధము తెలియును. తెలుగున పందికొక్కు అను పేరు ఆంగ్లభాషలోనికి పోయి ‘బాండికూట్’ అయినది. ఆ మాటనుండియే ప్రాణిశాస్త్రజ్ఞులు ఒక మూషిక ప్రజాతికి ‘బాండికోటా’ అను శాస్త్రనామము నిచ్చిరి. ఎలుకతో ఏ చుట్టరికమును లేని ఆస్ట్రేలియా దేశపు సంచిజంతువు నొకదానికి సైతము తెల్లవారు ఆ పేరే పెట్టిరి. తెలుగు మాటలు లోకమంతట వ్యాపించినవి కొలదియే; అందులో నొకటి మన ధాన్యమును తినివేయు జంతువు పేరగుట విచారింపదగిన విషయము. ఇక బోను అను మాట. సింహమును ఉంచు పంజరమును, ఎలుకను పట్టు పెట్టెను, న్యాయస్థానములో ముద్దాయి నిలుచు చోటును తెలుగువారు ఒకే మాటతో పిలుతురు. భిలాయి ఉక్కునగరమున నెహ్రూ నగర్ వంటి పేటలలో కాపురమున్న తెలుగువారి ఇంటిలో ఎలుకబోను అనబడునది అంగడికి పోవునప్పటికి ‘చూహేదానీ’ యగును. దానీ యనగా ఉంచు పాత్ర. అగరువత్తులకొక దానీ, ఎలుకలకొక దానీ. రెండు భాషలును పట్టి ఉంచుటను మాత్రమే చెప్పినవి. పట్టిన తరువాత ఏమి చేయవలెనో ఏ భాషయు చెప్పలేదు.

గోదావరిపై 1852లోను, కృష్ణపై 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిదప ఆ డెల్టాలు అన్నపూర్ణలైనవి. మనుష్యునకు అన్నమైనది ఎలుకకును అన్నమే. ఏటికి రెండు పంటలు పండు చోట ఎలుకకు ఆకలి ఋతువు లేదు. డెల్టాలో ప్రధానశత్రువు చిన్న పందికొక్కు. అది గట్లలో కలుగులు త్రవ్వును. పిలకలను మొదట కొరికి పడవేయును. కంకులను కలుగులోనికి లాగుకొనిపోయి నిలువచేయును. దాని త్రవ్వకములవలన గట్లు తెగి నీరు వృథాయగును. దానితోపాటు మెత్తని ఉన్నిగల పొలపుటెలుక, పొలపు చిట్టెలుక అను చిన్న జాతులును కలవు. పెద్ద పందికొక్కు కిలోగ్రాము వరకు తూగును. చిట్టెలుక కొన్ని గ్రాములకు మించదు. ఈ తూకముల తేడాను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. బోనులను గూర్చి మాటలాడునప్పుడు ఇది మరల అవసరమగును.

దేశీయమైన పరికరములు రైతుల చేతిలో ఎప్పటినుండియో ఉన్నవి. ఆంధ్ర డెల్టాలో ఎలుకలు పట్టువారు వెదురుబుట్టలు అల్లి, ఎర వేసి, సాయంకాలము గట్లవెంట పెట్టి, తెల్లవారి తీసికొందురు. కావేరీ డెల్టాలో తంజావూరు కిట్టి అను వెదురు విల్లు ప్రసిద్ధమైనది. వంచిన వెదురుబద్ద బిగువే దానికి బలము. ఎలుక ఎరను కొరుకగనే విల్లు విడివడి జంతువును నొక్కివేయును. ఉక్కుతీగకు బదులు వెదురు ఉన్నదను మాటయే గాని ఇదియు స్ప్రింగు బోనే. ఈ కిట్టి యను మాటకు మరియొక చరిత్ర కలదు. పూర్వము మద్రాసు రాజధానిలో శిస్తు చెల్లింపని రైతు చేతివ్రేళ్ళను రెండు కర్రల నడుమ పెట్టి నొక్కు హింసాసాధనమునకును కిట్టి యనియే పేరు.  ఆ దౌర్జన్యములను విచారించుటకు ప్రభుత్వము నియమించిన సంఘము 1855లో తన నివేదికను సమర్పించి, అట్టి హింసలు నిజముగ జరుగుచున్నవని అంగీకరించెను. మనుష్యుని వ్రేళ్ళకు పెట్టిన కిట్టి నాగరకతకు కళంకమని నాటి లోకము గ్రహించినది. ఎలుకకు పెట్టిన కిట్టిని గూర్చి ఎవరును అడుగలేదు. ఆ కాలమున అడుగవలెనని కోరుటయు అన్యాయమే. మనుష్యుని కన్నీరు తుడిచిన పిదపనే మరియొక ప్రాణి బాధ కంటికి కనబడును. కాని రెండింటికి ఒకే పేరుండుట కేవలము భాషావిలాసము కాదు. నొక్కిపట్టి బాధించుట అను పని యొక్కటియే.

పరికరమును గూర్చి చెప్పునప్పుడు దానిని పట్టిన చేతిని మరువరాదు. నెల్లూరు ప్రాంతపు యానాదులు, తమిళదేశపు ఇరుళులు తరతరములుగా ఎలుకలు పట్టుటలో నేర్పరులు. గడ్డి నింపిన కుండకు నిప్పంటించి, దాని రంధ్రమునుండి పొగను కలుగులోనికి నోటితో ఊది, ఊపిరాడక వెలువడు ఎలుకను పట్టుకొందురు. కలుగున దాగిన ధాన్యమును త్రవ్వి తెచ్చుకొందురు. ఆ పొగ ఎలుక ఊపిరితిత్తులలోనికి పోయినట్లే ఊదువాని ఊపిరితిత్తులలోనికిని పోవును. చేతులు, పెదవులు కాలును. ఇరుళుల కొరకు తయారైన చేతితో త్రిప్పెడి ఇనుప పొగయంత్రమునకు 2003లో ప్రపంచబ్యాంకు పోటీలో బహుమానము వచ్చినది. ఆ యంత్రము ఎలుకకు దయ చూపినది కాదు. ఎలుకను పట్టువానికి దయ చూపినది. హానికరజంతువుల చరిత్రలో ఈ రెండు దయలును విడదీయరానివి. పనివానికి మంచి పనిముట్టు నిచ్చిన సమాజమే జంతువునకు శీఘ్రమరణము నీయగలదు.

ఎలుక ప్రభుత్వమునకు శత్రువైనది ప్లేగుతో. 1896లో బొంబాయిలో ఆ మహమ్మారి ప్రవేశించి, తరువాతి రెండు దశాబ్దములలో దేశమున కోటిమందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. 1898లో కరాచీ నగరమున పాల్-లూయీ సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు ఎలుకమీది గోమారియే రోగవాహకమని ప్రయోగపూర్వకముగ చూపెను. అటు పిమ్మట పురపాలక సంఘములు బోనులు పంచిపెట్టుట, చచ్చిన ఎలుకలను లెక్కించుట సామాన్య దృశ్యములైనవి. ఎలుకలను చంపమని అధికారులు కోరగా పలుచోట్ల జనులు నిరాకరించిరి. కొందరికది విఘ్నేశ్వరుని వాహనము. కొందరికి ప్రాణిహింస పాపము. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక చదువుకొన్న తెలుగు బాలునకు ఎలుక యనగా వల కొరికి పావురములను విడిపించిన హిరణ్యకుడే. ఈ నిరాకరణమును అధికారులు మూఢత్వమనిరి. రోగము ముంగిట నిలిచినప్పుడు వారి తొందర న్యాయమైనదే. కాని చంపుడనువారు, చంపకుడనువారు కలిసి ఒక మధ్యమార్గమును మరచిరి. చంపక తప్పనప్పుడు బాధ తక్కువగ చంపు విధమేది యని ఆ వివాదమున ఎవరును అడిగినట్లు కనబడదు.

ఆ ప్రశ్న మరియొక దేశమున, మరియొక జంతువును గూర్చి పుట్టినది. ఇంగ్లండులో వేటతోటల కాపరులు కుందేళ్ళకొరకు, చిన్న వేటజంతువులకొరకు ఇనుప దౌడల బోనులను వాడుచుండిరి. కాలు మోపగనే రెండు పండ్లదౌడలు మూసికొని ఎముకను విరిచి పట్టుకొనును. జంతువు చావదు, తెల్లవారి కాపరి వచ్చువరకు అట్లే పడియుండును. 1863లో చార్లెస్ డార్విన్, ఆయన భార్య ఎమ్మా కలిసి ఈ బోనులకు ప్రతికూలముగ ఒక విజ్ఞప్తిని ప్రకటించిరి. వారి వాదము సరళమైనది: ఇంటిలో కుక్కకు చిన్న గాయము తగిలినను సహింపలేని సజ్జనులే తమ తోటలలో రాత్రికి రాత్రి ఎన్నియో జంతువులు కాళ్ళు విరిగి విలపించుటను తలపనైన తలపరు, చూడని బాధ వారికి లేనట్లే యున్నది. దయగల బోనును కనిపెట్టినవారికి బహుమతి నీయవలెనని చందాలు పోగుచేసిరి. అట్టి బోను వెంటనే దొరకలేదు. 1880లో వచ్చిన చట్టము కుందేళ్ళకొరకు స్ప్రింగు బోనులను కలుగుల ముఖముననే తప్ప బయలున పెట్టరాదని మాత్రము శాసించెను. అదియు కొంత మేలే.

శతాబ్దము మారిన తరువాత ఈ వాదము సజ్జనుల చేతులనుండి శాస్త్రజ్ఞుల చేతులలోనికి వచ్చినది. 1926లో చార్లెస్ హ్యూమ్ లండను విశ్వవిద్యాలయమున స్థాపించిన జంతుసంక్షేమసంఘము, కన్నీటికంటె కొలతలు ఎక్కువ పని చేయునని నమ్మినది. అడవిజంతువులపట్ల క్రౌర్యమును విచారించుటకు ప్రభుత్వము నియమించిన సంఘము 1951లో దౌడబోనును నిషేధింపవలెనని సూచించినది. 1954లో హానికరజంతువుల చట్టము వచ్చినది. దాని నిర్మాణము గమనింపదగినది. ఈ బోను చెడ్డది, దీనిని మానుకొనుడని అది చెప్పలేదు. ప్రభుత్వము అనుమతించిన బోను తప్ప ఏ స్ప్రింగు బోనును వాడరాదని చెప్పినది. అనుమతి పత్రమున బోను పేరు, తయారీదారుని పేరు, ఏ జంతువుకొరకో ఆ పేరు, ఏ విధముగ పెట్టవలెనో ఆ షరతు ఉండవలెను. సొరంగములోపలనే పెట్టవలెనని చాల బోనులకు నియమము. లేనిచో పక్షులును పెంపుడుజంతువులును పడును. ఋజువుచేయవలసిన భారము ఇట్లు జంతువు పక్షమువారినుండి బోను తయారుచేయువానిపైకి మారినది. 1958 జూలై 31వ తేదీతో ఇంగ్లండు, వేల్సులలో దౌడబోను చట్టవిరుద్ధమైనది. స్కాట్లండులో 1973 నాటికి అంతమైనది.

ఈ విజయమును చూచి పొంగిపోవుటకు ముందు రెండు సంగతులు గమనింపవలెను. 1953లో మిక్సోమటోసిస్ అను అంటువ్యాధి బ్రిటనులో ప్రవేశించి కుందేళ్ళను దాదాపుగ తుడిచిపెట్టినది. చట్టము వచ్చునాటికి రైతునకు పాత బోనుతో అంతగ పని లేదు. దయ చూపుటకు ఖర్చు తగ్గినప్పుడు దయ సులభముగ శాసనమగును. రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. 1958లోనే వెలువడిన మరియొక ఉత్తరువు ఎలుకలు, చిట్టెలుకలు, భూమిని త్రవ్వు చుంచులవంటి మోల్ జంతువులు పట్టు సాధారణ బోనులకు అనుమతి అక్కరలేదని మినహాయించినది. ఎలుకను కొట్టు చెక్కబోనును 1894లో అమెరికాలో విలియం హూకర్, కొలది యేండ్లకు ఇంగ్లండులో జేమ్స్ అట్కిన్సన్ పేటెంటు చేసిరి. లక్షలకొలది ఇండ్లలో ఉన్న ఆ చవుక వస్తువును పరీక్షకు లాగుట ప్రభుత్వమునకు ఇష్టము లేకపోయినది. కుందేలును పట్టు యంత్రమునకు పరీక్ష, ఎలుకను పట్టు యంత్రమునకు మినహాయింపు. నరముల వ్యవస్థలో ఈ రెండు జంతువులకును అంత భేదము లేదు. భేదము మన మనస్సులోనిది.

పరీక్ష యనగా నేమి? స్ప్రింగు బోను దయగలదో కాదో తెలిసికొనుటకు మూడు విషయములు చూడవలెను. కమ్మీ ఎంత వేగముతో ఎంత బలముతో పడును, ఎక్కడ పడును, పడిన తరువాత ఎంత బిగువుగ పట్టును. మెడ వెన్నెముకపై గాని, కపాలముపై గాని తగినంత బలముతో పడినచో జంతువునకు క్షణములలో తెలివి తప్పును. తోకవైపున గాని, కాలిమీద గాని, మూతిమీద గాని పడినచో గంటలకొలది బాధ. చిట్టెలుకకు చాలిన తీగబిగువు పందికొక్కునకు చాలదు. పందికొక్కునకు చేసిన బోనులో చిన్న ఎలుక అడ్డదిడ్డముగ చిక్కును. కావుననే జంతువు పేరు చెప్పని అనుమతికి అర్థము లేదు. యూరపు ఆర్థికసమాజము 1991లో దౌడబోనులను నిషేధించుచు, వానితో పట్టిన జంతువుల ఉన్ని దిగుమతిని అడ్డగించుటకు నిర్ణయించినది. దాని ఫలితముగ 1990వ దశకపు చివర కెనడా, రష్యాలతో ఒక ఒడంబడిక కుదిరినది. దానిలో కొలతలు ఇట్లున్నవి: పరీక్షించిన జంతువులు 12కు తగ్గరాదు, వానిలో నూటికి 80 నిర్ణీతకాలములోపల చైతన్యము కోల్పోవలెను, ఆ కాలము ఎర్మిన్ అను చిన్న జంతువునకు 45 సెకండ్లు, మార్టెన్ జాతులకు 120 సెకండ్లు, తక్కినవానికి 300 సెకండ్లు. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1999లో పరీక్షావిధానమును ప్రకటించినది గాని, ఏ బోనును దయగలదనవలెనో సభ్యులు ఏకాభిప్రాయమునకు రాలేక పోయిరి. అందుచే ఆ మాటనే విడిచిపెట్టిరి. ఎట్లు కొలువవలెనో నిర్ణయమైనది. ఎంతవరకు చాలునో నిర్ణయము కాలేదు. ఐదు నిమిషముల మరణము దయయగునా యని అడుగువారికి ఆ ఒడంబడికయు తృప్తికరమైన సమాధానము చెప్పలేదు. ఆ 19 జంతువుల జాబితాలోను ఎలుక లేదు. ఎలుక తోలుకు వెల లేదు గదా!

ఇప్పుడు మన దేశమునకు వత్తము. 1890 నాటి బ్రిటిషు చట్టము పెంపుడుజంతువులను, పట్టుబడిన జంతువులను మాత్రమే జంతువులని గుర్తించినది. స్వాతంత్ర్యానంతరము రాజ్యసభలో నియమిత సభ్యురాలైన రుక్మిణీదేవి అరండేల్ 1953లో జంతుహింసానివారణకై ఒక బిల్లును ప్రతిపాదించెను. ప్రధానమంత్రి నెహ్రూ దాని ఆశయమును మెచ్చుకొనుచు, ప్రభుత్వమే సమగ్రమైన బిల్లును తెచ్చునని హామీ యిచ్చి దానిని ఉపసంహరింపజేసెను. విచారణసంఘము కూర్చున్నది. 1960 డిసెంబరు 26వ తేదీన జంతుహింసానివారణ చట్టము అమలులోనికి రాదగిన ఆమోదమును పొందెను. 1962లో ఆమె అధ్యక్షతన జంతుసంక్షేమమండలి మద్రాసున ఏర్పడినది. ఒక నర్తకి పట్టుదల ఒక దేశపు చట్టమైనది. కళాక్షేత్రమును నిర్మించిన చేతులే ఈ చట్టమునకును పునాది వేసినవి.

ఆ చట్టమును బోనులోని ఎలుక పక్షమున చదివి చూతము. మనుష్యుడు తప్ప ప్రాణమున్న ప్రతిదియు జంతువే యని దాని నిర్వచనము. కావున ఎలుకయు జంతువే. పారిపోకుండ ఏదేని పరికరముచే అడ్డగింపబడిన జంతువు, తాత్కాలికముగనైనను, బందీజంతువని మరియొక నిర్వచనము. కావున బోనున పడిన ఎలుక బందీ. జంతువు తన అధీనమున గల ప్రతివాడును దానికి అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెనని మూడవ సెక్షను. అనవసరమైన క్రౌర్యముతో చంపుట నేరమని పదునొకండవ సెక్షను; మొదటి తప్పునకు 50 రూపాయలకు మించని జరిమానాను అది నిర్ణయించెను. స్థానికసంస్థలు అక్కరలేని జంతువులను చంపవలసివచ్చినచో తక్షణముగ గాని, స్పృహ తప్పించిన పిమ్మట గాని చంపునట్లు చూచుట మండలి విధులలో నొకటి. తక్షణముగ గాని, స్పృహ తప్పించి గాని! యూరపు ఒడంబడిక సెకండ్లతో చెప్పినదానిని మన చట్టము దాదాపు నాలుగు దశాబ్దములు ముందుగ ఒక వాక్యమున చెప్పినది. కాని ఆ వాక్యమునకు కొలబద్ద రాలేదు. ఏ బోను తక్షణముగ చంపును, ఏది చంపదు అను పరీక్ష మన శాసనవ్యవస్థలో చోటుచేసికొనలేదు. అంతేకాక, వేరొక చట్టము అధికారముచే చేయు జంతునిర్మూలనమునకు ఈ సెక్షను వర్తింపదని మినహాయింపును ఉంచిరి. ఇచట సూత్రము కలదు, కొలత లేదు. బ్రిటనులో కొలత కలదు, అది ఎలుకకు లేదు. రెండు దారులును ఒకే చోటికి చేరినవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఐదవ జాబితాలో కాకి, ఫలములు తిను గబ్బిలము, ఎలుక, చిట్టెలుకలను హానికరజంతువులని పేర్కొన్నది. 2022 సవరణతో ఆ జాబితా తొలగినది; హానికరజంతువులను ప్రకటించు అధికారము మాత్రము కేంద్రమునకు మిగిలినది. జిగురు అట్టలను గూర్చి జంతుసంక్షేమమండలి సలహాలు వెలువరింపగా పలు రాష్ట్రప్రభుత్వములు ఉత్తరువులు జారీచేసినవి. జిగురున అంటుకొన్న ఎలుక తన తోలును తానే చీల్చుకొని, ఆకలితోను భయముతోను గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది పెనగులాడి చచ్చును. ఇంగ్లండు సైతము 2022లో చట్టము చేసి, 2024 జూలై చివరినుండి దీనిని సామాన్యులు వాడరాదని నిషేధించినది. ఈ నిషేధములు మంచివే. కాని ఒక చెడ్డ పరికరమును తొలగించినంత మాత్రమున మంచి పరికరము చేతికి రాదు. జిగురు అట్టను విడిచినవాడు విషపు పొట్లమును కొనును.

విషమును గూర్చి నాలుగు మాటలు చెప్పక తీరదు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లముతో కలిసి విషవాయువగును. ఎలుక గంటలలో చచ్చును. తోడి ఎలుకలు దానిని చూచి ఆ ఎరను మరల ముట్టవు. ఈ చిక్కును తొలగించుటకు రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు వచ్చినవి. 1948 నుండి వార్ఫరిన్, తరువాత బ్రోమాడియోలోన్ మొదలైనవి వాడుకలోనికి వచ్చినవి. ఇవి తిన్న ఎలుక కొన్ని దినముల పాటు లోలోపల రక్తస్రావమై చచ్చును. ఆలస్యమే ఆ మందునకు గుణము. చావునకును ఎరకును గల సంబంధము ఎలుకల సంఘమునకు తెలియకుండుటే దాని రహస్యము. విషము తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబకును ముప్పు. మంచి స్ప్రింగు బోనును ఈ మందుతో పోల్చి చూచినచో, క్రూరమని తోచు ఇనుపదెబ్బయే ఎన్నియో రెట్లు దయగలదని తేలును. కంటికి కనబడు హింసను ద్వేషించి కనబడని హింసను సహించుట డార్విన్ నాడే గుర్తించిన దోషము. ఆ దోషము నేటికిని మనలను వీడలేదు.

అట్లే ప్రాణముతో పట్టు తీగపంజరమును గూర్చి. భిలాయివంటి పట్టణములలో పెక్కు గృహస్థులు దీనినే మేలని ఎంతురు. ఎలుకను చంపిన పాపము లేదు, ప్రొద్దుట తీసికొనిపోయి కాలువగట్టున విడిచిపెట్టవచ్చును. ఈ భావము ఉదాత్తమైనదే. కాని రాత్రి పడిన ఎలుకను మధ్యాహ్నమువరకు ఎండలో మరచినచో, పంజరముతోపాటు నీటి తొట్టిలో ముంచినచో, ఆ దయ ఎక్కడ నిలిచినది? తనకు తెలియని చోట విడువబడిన ఎలుకకు కలుగు లేదు, ఆహారపుజాడ లేదు. పంజరము తన పని తాను దయగనే చేయును. దానిని పెట్టినవాని బాధ్యత అక్కడినుండియే మొదలగును. తరచుగ చూడవలెను, నీడన ఉంచవలెను, చంపవలసివచ్చినచో ఒక్క దెబ్బతో చంపవలెను. ఏ అనుమతిపత్రమును ఈ మూడు పనులను మనకు బదులుగ చేయలేదు.

ఇంతకును, ఆకలితో ఉన్న దేశమున ఎలుక సెకండ్లను లెక్కించుట విలాసము కాదా యని అడుగువారు కలరు. ఇది తేలికగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. గట్టు తెగి చేను ఎండిన కౌలురైతు ఎదుట నిలిచి జీవకారుణ్యమును బోధించువాడు నవ్వులపాలగును. అయితే ఆ రైతునకు ఏ బోను కావలెను? సరిగ మూసికొననిది, తీగ సడలినది, ఎలుక కాలు మాత్రము పట్టి తెల్లవారునప్పటికి విడిపోవునది అతనికిని నష్టమే. గట్టి దెబ్బతో తలపై పడు బోనే ఎలుకను తప్పించుకొననీయదు. ఇచట రైతు ప్రయోజనమును ఎలుక బాధానివారణమును ఒకే దారిని నడచుచున్నవి. బుట్టలు అల్లి, కలుగులు గుర్తించి, ఎలుకకు ఇంత అని కూలి పుచ్చుకొను పనివానికి మంచి పనిముట్టు లభించుటయు అదే దారి. దయ రైతుమీద పన్నుగ వచ్చినచో నిలువదు; పనితనముగ వచ్చినచో నిలుచును.

ఈ పనికి కావలసిన సంస్థలు తెలుగుదేశముననే కలవు. పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధనస్థానమున మూషికములపై పరిశోధనలు జరిగినవి. 1966లో సస్యరక్షణ శిక్షణసంస్థగ ఆరంభమై, హైదరాబాదు రాజేంద్రనగరమున జాతీయ సస్యారోగ్య యాజమాన్యసంస్థగ వృద్ధిపొందిన విద్యాలయము ఎలుకల నివారణలో శిక్షణ నిచ్చుచున్నది. వెదురుబుట్టనుండి ఉక్కుతీగ బోను వరకు మన వాడుకలోనున్న ప్రతి పరికరమును చిన్న పందికొక్కు, పొలపుటెలుక, ఇంటి ఎలుక, చిట్టెలుకల మీద వేరువేరుగ పరీక్షించి, ఏది దేనికి తగునో ఒక జాబితా ప్రకటించుటకు కొత్త చట్టమక్కరలేదు. 1960 నాటి చట్టమున తక్షణముగ అను ఒక్క మాట చాలును. దానికి సెకండ్లలో అర్థము చెప్పవలసియున్నది.

ఎలుక మన మిత్రము కాదు, కానక్కరలేదు. దానితో మన యుద్ధము కౌటిల్యునికి పూర్వమునుండియు జరుగుచున్నది, మన మనుమల కాలమునను జరుగును. కాని యుద్ధమునకును ధర్మము కలదని ఒప్పుకొన్న జాతి మనది. మనకు ప్రియమైన ప్రాణిపై చూపు దయ ప్రేమలో భాగము. దానికి శాసనము అక్కరలేదు. మనకు అసహ్యమైన ప్రాణికి, మనము చంపక తప్పని ప్రాణికి, చావును పొడిగింపకుండుటయే చట్టము చేయదగిన దయ. ఆ దయకు ఇంతవరకు మన దేశము ఎలుకబోను ముందు సరియైన పరీక్ష పెట్టలేదు. పందికొక్కునకు ప్రపంచమున పేరిచ్చిన భాషవారు ఆ పరీక్షకు ముందడుగు వేయుట సముచితముగ నుండును.